క్రుమ్‌కాకె: పిండి కలపడం పది నిమిషాలు, పెనం దగ్గర గంటన్నర

క్రుమ్‌కాకె పిండి కలపడం పది నిమిషాల పని. ఆ తర్వాత గంటా గంటన్నర పెనం ముందు నిలబడాల్సిందే. కుదరలేదన్నవాళ్ళ వంటింట్లోకి వెళ్ళి చూస్తే కొలతలు దాదాపు సరిగ్గానే ఉంటాయి. తేడా పెనం వేడిలో కొట్టి ఉంటుంది, లేదా పెనం మీంచి తీశాక దొరికే ఆ పది సెకన్లలో చెయ్యి ఆలస్యమై ఉంటుంది. అందుకే ఇక్కడ కొలతల గురించి కొంతే చెప్పి, పెనం గురించి ఎక్కువ చెబుతాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. క్రుమ్‌కాకె నార్వేలో క్రిస్మస్‌కి చేసే పల్చటి వేఫర్ బిస్కెట్. బొమ్మలు చెక్కిన రెండు లోహపు పలకల మధ్య జారు పిండి వేసి, మూసి కాలిస్తే దాదాపు 15 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రటి రేకు వస్తుంది. మందం రెండు మిల్లీమీటర్లకు మించదు. పలకల మీది తీగలూ పువ్వులూ రెండు వైపులా అచ్చు పడతాయి. వేడి మీదే దాన్ని చెక్క కోన్‌కు చుట్టేస్తే చల్లారేసరికి ఆ ఆకారంలోనే బిగిసి కరకరలాడుతుంది. క్రిస్మస్‌కి ఇంట్లో ఏడు రకాల బిస్కెట్లు ఉండాలన్నది నార్వేలో పాత ఆనవాయితీ. స్యూవ్ స్లాగ్ అంటారు. ఆ ఏడూ ఏవన్నది ఇంటింటికీ మారుతుంది గానీ సాండ్‌కాకె, సిరుప్‌స్నిప్పర్, బెర్లినర్‌క్రాన్సర్, ఫత్తిమన్, గోరోల పక్కన క్రుమ్‌కాకె డబ్బా మాత్రం మామూలుగా ఉంటుంది.

కొలతలు

గుడ్లు 3 (పెంకు తీశాక 150 గ్రాములు)
పంచదార 150 గ్రాములు
వెన్న 150 గ్రాములు
మైదా 100 గ్రాములు
బంగాళదుంప స్టార్చ్ 50 గ్రాములు
యాలకుల పొడి 1 టీ స్పూన్
చల్లటి నీళ్ళు 2 నుంచి 4 టేబుల్ స్పూన్లు
ఉప్పు లేని వెన్న అయితే చిటికెడు ఉప్పు

దీంతో 35 దాకా వస్తాయి. పాత ఇళ్ళలో ఈ లెక్క రాసిపెట్టుకునే అవసరమే ఉండేది కాదు. గుడ్లు ఎంత బరువు తూగితే అంత పంచదార, అంత వెన్న, అంత పిండి. గుడ్లు చిన్నవైనా పెద్దవైనా పాళ్ళు చెడవు. తూచేటప్పుడు పెంకు తీసి తూచండి. గుడ్డు బరువులో పదో వంతు పెంకుదే. మూడు గుడ్ల మీద అది 15 గ్రాములు దాటుతుంది, పిండి చిక్కబడటానికి ఆ మాత్రం చాలు.

ఈ నాలుగు వస్తువుల్లో ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. ఎవరి పని ఏమిటో తెలిస్తే కొలత మార్చినప్పుడు ఏం జరుగుతుందో ముందే చెప్పేయొచ్చు. పంచదార తీపికే కాదు, చుట్టడానికి కూడా కావాలి. వేడిగా ఉన్నప్పుడు అది కరిగి మెత్తగా ఉంటుంది కాబట్టే రేకు వంగుతుంది. చల్లారగానే గాజులా బిగుస్తుంది కాబట్టే ఆకారం నిలుస్తుంది. తీపి ఎక్కువవుతుందని పంచదారను 100 గ్రాములకు దించితే రేకు చుట్టేటప్పుడే విరుగుతుంది, విరక్కపోతే తోలులా సాగుతుంది. 200కి పెంచితే పలకకు అతుక్కుంటుంది, లోపలి తడి ఆరకముందే పైన మాడుతుంది. వెన్న పెరిగితే రేకు గుల్లగా, జాలీలా వస్తుంది. మరీ పెరిగితే పలకల అంచుల నుంచి నెయ్యి కారి పొగ లేస్తుంది. గుడ్డు ఎక్కువైతే బిస్కెట్ పోయి పల్చటి అట్టు మిగులుతుంది, ఎంత కాల్చినా కరకర రాదు.

మైదాలో మూడో వంతు తీసేసి స్టార్చ్ వేయడం చాలా నార్వేజియన్ వంటకాల్లో కనిపిస్తుంది, నా ఓటూ దానికే. స్టార్చ్‌లో గ్లూటెన్ ఉండదు. రేకు కొరికితే పిండి సాగినట్టు కాకుండా ఫెళ్ళున విరుగుతుంది. ఇబ్బంది ఒక్కటే, స్టార్చ్ గిన్నె అడుక్కు దిగుతుంది. నాలుగైదు రేకులకు ఒకసారి అడుగు నుంచి కలపకపోతే మొదటి రేకులు జిడ్డుగా, చివరివి సుద్దలా వస్తాయి. స్టార్చ్ దొరక్కపోతే మొత్తం 150 గ్రాములూ మైదాయే వేసుకోవచ్చు. అప్పుడు నీళ్ళు ఒక స్పూన్ ఎక్కువ పడతాయి.

యాలకుల విషయంలో ఒకటే మాట: డబ్బాలో నెలల తరబడి ఉన్న పొడి వద్దు. పచ్చ యాలకుల తొక్క తీసి గింజల్ని అప్పటికప్పుడు దంచండి. మరీ మెత్తగా అక్కర్లేదు గానీ ఆవగింజ కంటే పెద్ద పలుకు ఉంటే రేకు అక్కడ చిల్లు పడుతుంది. పొడి ఒక టీ స్పూన్ కావాలంటే మంచి కాయలు పన్నెండు, పదిహేను పడతాయి. కొందరు యాలకుల బదులు వెనిల్లా వేస్తారు. బానే ఉంటుంది, కానీ నార్వే క్రిస్మస్ బిస్కెట్ అనగానే ముక్కుకు తగిలే వాసన యాలకులదే.

పిండి కలపడం

ముందు వెన్న కరిగించి పక్కన పెట్టండి. వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి. పొగలు కక్కే వెన్న పోస్తే గుడ్డు ఉడికి తరకలు కడుతుంది. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడితే ఇంకో రకం గొడవ, వెన్న చల్లబడి పూసలు పూసలుగా గడ్డకడుతుంది. గుడ్లు గంట ముందే బయటపెట్టడం సుఖం, మరిచిపోతే గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచండి.

గుడ్లు, పంచదార కలిపి గిలక్కొట్టాలి. ఎంతసేపన్నది వాదన ఉన్న విషయమే. చాలా వంటకాల్లో తెల్లగా, నురుగుగా పొంగేదాకా కొట్టమని ఉంటుంది. నార్వేజియన్లు ఎగ్గెదోసిస్ అనేది ఆ నురుగునే. నా లెక్కలో అంత దూరం వెళ్ళక్కర్లేదు. గాలి ఎక్కువైతే వేడి పలక మీద ఆ బుడగలు పేలి సూది చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లోంచి తర్వాత క్రీము కారుతుంది. అసలు కావలసింది పంచదార కరగడం. రెండు వేళ్ళ మధ్య పిండి రుద్ది చూస్తే గరుకు తగలకూడదు. కరగని పలుకులు పలక మీద మాడి గోధుమరంగు చుక్కలవుతాయి, రేకు అక్కడే అతుక్కుంటుంది. చేతి విస్క్‌తో మూడు నాలుగు నిమిషాలు కొడితే సరిపోతుంది. సన్న పంచదార అయితే ఇంకా తొందరగా అయిపోతుంది.

ఇప్పుడు వెన్న సన్నధారగా పోస్తూ కలపండి. మైదా, స్టార్చ్, యాలకుల పొడి కలిపి జల్లించి వేయండి. ఉండలు పోయాక ఇక కొట్టకండి. మైదా పడ్డాక ఎంత కొడితే అంత గ్లూటెన్, అంత మొండి రేకు. చివర్లో రెండు స్పూన్ల నీళ్ళు పోసి, మూత పెట్టి అరగంట పక్కన ఉంచండి. ఈలోగా పిండి తడి పీల్చుకుంటుంది, బుడగలు పైకి తేలిపోతాయి.

అరగంట తర్వాత చూస్తే చిక్కబడి ఉంటుంది. గరిటెతో ఎత్తి వదిలితే తెగకుండా రిబ్బనులా జారి, గిన్నెలో పడ్డ గీత రెండు మూడు సెకన్లలో కలిసిపోవాలి. గీత అలాగే నిలబడి ఉంటే ఒక్కో స్పూన్ నీళ్ళు కలపండి. నీళ్ళలా కారిపోతుంటే ఒక స్పూన్ మైదా. చలిగా ఉన్న వంటింట్లో పని మధ్యలోనే పిండి చిక్కబడటం మామూలు. వెన్న గడ్డకట్టడమే కారణం కాబట్టి అప్పుడు నీళ్ళు పోయకూడదు. గిన్నెను గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి రెండు తిప్పులు కలిపితే మళ్ళీ జారుకి వస్తుంది. ఈ తేడా పట్టించుకోక నీళ్ళు పోసుకుంటూ పోయేవాళ్ళ చివరి పది రేకులూ మెత్తబడతాయి.

పెనం

రెండు రకాలున్నాయి. పొయ్యి మీద పెట్టేది ఒకటి: రెండు పలకలు ఒక కీలు మీద తెరుచుకుంటాయి, కింద ఒక రింగ్ స్టాండ్ ఉంటుంది, ఆ స్టాండ్ మీద పెనాన్ని అటూ ఇటూ తిప్పుతూ కాలుస్తారు. పాతవి పోత ఇనుముతో చేసినవి, ఇప్పటివి ఎక్కువగా అల్యూమినియం. రెండోది కరెంటుది, నాన్‌స్టిక్ పూతతో వస్తుంది, ఒకేసారి రెండు కాల్చేవీ ఉన్నాయి. నార్వేలో ఇప్పుడు చాలా ఇళ్ళలో కరెంటుదే. అమెరికాలో మాత్రం పొయ్యి మీది అచ్చుకి ఇంకా అభిమానులున్నారు. మిన్నెసోటా చుట్టుపక్కల స్థిరపడ్డ నార్వే కుటుంబాలే దానికి మూలం. బండ్ట్ పాన్‌తో (నడుమ చిల్లు ఉండే గుండ్రటి కేకు అచ్చు) లోకానికి తెలిసిన నార్డిక్ వేర్ కంపెనీ 1946లో మిన్నియాపాలిస్‌లో మొదలైనప్పుడు చేసిన తొలి సరుకుల్లో క్రుమ్‌కాకె అచ్చు కూడా ఒకటి.

కొనే ముందు చూసుకోవాల్సింది మీ పొయ్యి. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం అచ్చు వేడెక్కదు. ఇనుప అచ్చు కూడా రింగ్ మీద పైకి లేచి ఉంటుంది కాబట్టి పనికి రాదు. గ్యాస్ గానీ కాయిల్ పొయ్యి గానీ ఉండాలి. ఇండక్షన్ ఉన్నవాళ్ళు ఆలోచించకుండా కరెంటుది తీసుకోండి. మొదటిసారి చేసేవాళ్ళకూ అదే నయం, వేడి దానంతట అది నిలబడుతుంది. పొయ్యి మీది దాంట్లో రంగు రెండు వైపులా సమంగా రావడం మీ చేతిలో ఉంటుంది, అలవాటైతే దాని రుచే వేరు.

వేడి సరిపోయిందా అని చూడటానికి తడి వేళ్ళతో నాలుగు చుక్కలు చల్లండి. చుక్క పడ్డచోటే మెల్లగా ఇంకిపోతే ఇంకా వేడెక్కాలి. చిటపటలాడుతూ దొర్లి పోతే సరిగ్గా ఉంది. పడగానే మాయమై పొగ వాసన వస్తే మరీ ఎక్కువ. సుమారు 180 నుంచి 200 డిగ్రీల మధ్య అన్నమాట. పొయ్యి మీద పెట్టేదాన్ని మూసే వేడి చేయాలి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు, మధ్యస్థపు మంట మీద. మంట పెద్దది చేసి తొందరపెడితే పలక మధ్యలో కాలిపోయి అంచులు పచ్చిగా మిగులుతాయి, ఆ తేడా చివరి రేకు దాకా వెంటాడుతుంది.

మొదటి రేకుకి ముందు రెండు పలకలకూ కరిగిన వెన్న బ్రష్‌తో రాయండి. చెక్కడాల గీతల్లోకి వెళ్ళాలి, కానీ మడుగు కట్టకూడదు. డబ్బా స్ప్రేలు వాడొద్దు. వాటిలో ఉండే లెసిథిన్ వేడికి జిగురులా కాలి గీతల్లో పట్టుకుంటుంది, ఆ తర్వాత ప్రతి రేకూ అక్కడే అంటుకుంటుంది. పిండిలోనే వెన్న బాగా ఉంది కాబట్టి మూడో రేకు నుంచి మళ్ళీ రాయాల్సిన అవసరం సాధారణంగా రాదు. మొదటి రెండు మూడు రేకులు ఎలాగూ లెక్కలోకి రావు. జిడ్డు పీల్చి, రంగు అటూ ఇటూ అయి వస్తాయి. వాటిని చూసి కొలతలు మార్చకండి, వేడి మాత్రమే సర్దుకోండి.

ఒక రేకుకి ఒక టేబుల్ స్పూన్ పిండి. పలక నట్టనడుమ కాకుండా కొంచెం వెనక్కి, కీలు వైపు వేయండి. మూసేటప్పుడు పలక కీలు దగ్గర ముందు తగిలి పిండిని ముందుకు తోస్తుంది. నడుమ వేస్తే సగం పిండి పిడి వైపు నుంచి బయటికి వస్తుంది. మూశాక రెండు మూడు సెకన్లు గట్టిగా నొక్కండి. అంచున కారింది ఉంటే కత్తి వీపుతో గీకేయండి, లేదంటే అది పొయ్యి మీద పడి మాడి ఇల్లంతా వాసన. కొన్ని రేకులు అయ్యేసరికి మీ పెనానికి ఎంత పిండి సరిపోతుందో తెలుస్తుంది. అంచు దాకా నిండకపోయినా ఫరవాలేదు, పొంగి బయటికి రావడమే అసలు బెడద.

ఎంతసేపు కాల్చాలి? పొయ్యి మీద ఒక్కో వైపు 30 నుంచి 45 సెకన్లు, కరెంటుదైతే మొత్తం కలిపి నిమిషం లోపే. అయితే గడియారం కంటే ఆవిరిని నమ్మండి. మూయగానే పలకల సందుల్లోంచి ఆవిరి జోరుగా వస్తుంది. అది తగ్గి, సన్నబడి, దాదాపు ఆగిపోయినప్పుడు తడి పోయినట్టు. అంతకు ముందు తెరిస్తే రేకు రెండు పొరలుగా చీలి, ఒకటి పైపలకకు, ఇంకోటి కిందపలకకు అంటుకుంటుంది. అలా చీలితే గోకకండి, మూసి ఇంకో అర నిమిషం కాలిస్తే ఎండి దానంతట అదే ఊడుతుంది.

రంగు లేత బంగారు రంగులో ఉండాలి, చెక్కడాల గీతలు కొంచెం ముదురుగా. మరీ తెల్లగా తీస్తే చుట్టడం తేలికే గానీ చల్లారాక మెత్తగా ఉంటుంది. ముదురు గోధుమరంగు దాకా ఉంచితే కరకర బ్రహ్మాండంగా వస్తుంది, కానీ చుట్టేలోగానే బిగుస్తుంది. మొదట్లో చెయ్యి వేగం లేనివాళ్ళు లేత వైపు తీయండి, చేయి తిరిగాక ఒక వన్నె ముదరనివ్వండి. ఒకవైపు ముదురుగా, రెండోవైపు తెల్లగా వస్తుంటే తిప్పే సమయం మార్చాలి. మధ్యలో ముదురు, చుట్టూ తెలుపు అయితే మంట తగ్గించి రెండు నిమిషాలు ఖాళీ పెనాన్ని ఆగనివ్వాలి.

చుట్టే పది సెకన్లు

పెనం తెరవకముందే అన్నీ చేతికి అందాలి: చెక్క కోన్, పల్చటి గరిటె లేదా మొండి కత్తి, ఆరబెట్టే జాలీ. చేతులకు పల్చటి నూలు గ్లౌజులు వేసుకుంటే వేళ్ళు కాలవు, స్పర్శా పోదు. కోన్ చెక్కదే కావాలి. లోహం వేడిని లాగేస్తుంది కాబట్టి దాన్ని తాకిన చోట రేకు ముందే బిగిసి, చుట్టు మధ్యలో పగులుతుంది.

పెనం తెరిచి, గరిటె అంచు కింద దూర్చి రేకును ఎత్తి, పొడి చెక్క పలక మీదికి జార్చండి. కోన్ మొనను రేకు అంచుకు ఆనించి, ఆ అంచును కోన్ మీదికి మడిచి, ఒక్క ఊపులో దొర్లించండి. అతుకు కిందికి వచ్చాక అరచేత్తో ఐదారు సెకన్లు నొక్కి పట్టాలి. వదిలితే విచ్చుకోకుండా ఉంటే అయిపోయినట్టే. పెనం తెరిచిన దగ్గర్నుంచి చుట్టడం ముగిసేదాకా పది సెకన్లకు మించి దొరకవు. చలికాలపు వంటింట్లో, అందులోనూ కిటికీ తెరిచి ఉంటే, ఇంకా తక్కువ. కోన్ పెద్ద కొస నుంచి బొటనవేలు పట్టేంత వదిలి చుడితే తర్వాత లాగడం సులువు.

కోన్లు రెండు ఉంచుకోవడం నిజంగా పనికొచ్చే సలహా. ఒకదాని మీది రేకు బిగుస్తుండగా ఇంకోటి ఖాళీగా ఉంటుంది. ఒకే కోన్‌తో వరసగా చుడితే అది వేడెక్కి, రేకు బిగుసుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఈలోగా పెనంలో తర్వాతది మాడుతుంది.

చుట్టేటప్పుడు పగిలితే కారణం మూడింట్లో ఒకటి. ఆలస్యం, ఎక్కువ కాల్చడం, లేదా పంచదార తక్కువ. మొదటి రెండింటికీ ఆ రేకునే మళ్ళీ పెనంలో పెట్టి ఐదారు సెకన్లు మూస్తే మెత్తబడుతుంది, చుట్టేయొచ్చు. మూడోదైతే మిగిలిన పిండిలో ఒకటి రెండు స్పూన్ల పంచదార కరిగేదాకా కలపండి. చుట్టాక మెల్లగా విచ్చుకుంటే దానర్థం లోపల తడి ఇంకా ఉందని, ఇంకో పది సెకన్లు కాల్చాలి.

కోన్ తప్పనిసరేం కాదు. వేడి రేకును బోర్లించిన కప్పు మీద పరిచి గుడ్డతో నొక్కితే గిన్నె ఆకారం వస్తుంది, పళ్ళూ క్రీమూ వడ్డించడానికి అదే వీలు. గరిటె కాడకు చుడితే గొట్టాలు వస్తాయి. అసలేమీ చుట్టకుండా బల్లపరుపుగా వదిలేసినా తినడానికి లోటేం లేదు, డబ్బాలో చోటు కూడా కలిసొస్తుంది.

దాచడం, వడ్డించడం

పూర్తిగా చల్లారాక మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాలో, పొరకూ పొరకూ మధ్య బటర్ పేపర్ వేసి సర్దండి. కొంచెం వెచ్చగా ఉన్నది ఒక్కటి వెళ్ళినా దాని ఆవిరికి డబ్బా అంతా మెత్తబడుతుంది. మెత్తటి కేకులూ స్మూల్ట్‌రింగర్ (నార్వే డోనట్లు) లాంటివీ ఇదే డబ్బాలో పెట్టకండి. వాటి తడి వీటికి ఎక్కుతుంది, ఒక్క రాత్రి చాలు. పొడిగా ఉంటే మూడు వారాలు సులువుగా నిలుస్తాయి, అందుకే నార్వేలో డిసెంబరు మొదట్లోనే చేసిపెట్టుకుంటారు. మెత్తబడ్డవాటిని 120 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు ఉంచి, బయట చల్లారనిస్తే కరకర తిరిగి వస్తుంది. అంతకు మించి వేడి పెడితే పంచదార మళ్ళీ మెత్తబడి చుట్టు విప్పుకుంటుంది, కాబట్టి దగ్గరుండి చూడండి.

ఒట్టిగా తిన్నా బాగుంటాయి గానీ వీటికి అసలు జోడీ ముల్తెక్రెమ్. ముల్తె అంటే నార్వేలో బురద నేలల్లో, ముఖ్యంగా ఉత్తరాన, వేసవి చివర్లో పండే నారింజ రంగు క్లౌడ్‌బెర్రీ. 300 మిల్లీలీటర్ల చిక్కటి క్రీముని రెండు స్పూన్ల పంచదారతో మెత్తటి కొనలు నిలిచేదాకా గిలక్కొట్టి, 200 గ్రాముల పళ్ళు లేదా వాటి జామ్ గరిటెతో మడిచి కలపాలి. జామ్ అయితే పంచదార అక్కర్లేదు. కోన్లలో దీన్ని నింపడం మాత్రం వడ్డించే నిమిషంలోనే. పావుగంట దాటితే అడుగు నాని విరిగి, తినేవాళ్ళ ఒళ్ళో పడుతుంది. పెద్ద విందు అయితే క్రీము గిన్నెలో, కోన్లు పళ్ళెంలో విడిగా పెట్టి ఎవరికి వారిని నింపుకోమనడమే మంచి పద్ధతి.

పని అయ్యాక ఇనుప అచ్చుని సబ్బుతో కడగకండి. వెచ్చగా ఉండగానే గట్టి బ్రష్‌తో గీతలు దులిపి, గుడ్డతో తుడిచి, చుక్క నూనె రాసి దాచండి. కడిగితే ఏళ్ళ తరబడి పట్టిన నూనె పూత పోయి, మళ్ళీ మొదటి రేకుల అవస్థ మొదలవుతుంది. నాన్‌స్టిక్‌ది తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇదే కుటుంబంలో ఇంకో రెండు

స్ట్రుల్ అని తూర్పు నార్వేలో హెడ్మార్క్ వైపు చేస్తారు. ఇంచుమించు ఇదే పెనం, చుట్టేది మాత్రం గొట్టంగా. వెన్న బదులు క్రీము పడుతుంది కాబట్టి రేకు ఇంకా పల్చగా, పెళుసుగా వస్తుంది. పలకకు వెన్న కూడా తరచూ రాయాల్సి ఉంటుంది.

గోరో పూర్తిగా వేరే పని. పెనం దీర్ఘచతురస్రం, ఒక్కసారికి మూడు బిస్కెట్ల అచ్చు. జారు పిండి కాదు, ముద్ద. ఒక గుడ్డు, 100 గ్రాముల పంచదార కొట్టి, 100 మిల్లీలీటర్ల చిక్కటి క్రీముని గిలక్కొట్టి కలిపి, ఒక టీ స్పూన్ యాలకుల పొడి, ఒక స్పూన్ కోన్యాక్ వేస్తారు. 500 గ్రాముల మైదా, 75 గ్రాముల స్టార్చ్‌లో 375 గ్రాముల చల్లటి వెన్న ముక్కల్ని వేళ్ళతో నలిపి, ఈ తడి మిశ్రమంతో ముద్ద చేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు. కోన్యాక్ వద్దనుకుంటే అంత క్రీము పోయండి.

మర్నాడు ముద్దలో కొంచెం కొంచెమే బయటికి తీసి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన వత్తాలి. పెనం కొలతకు అట్టముక్క కత్తిరించి పెట్టుకుని, దాన్ని పిండి మీద ఆనించి కత్తితో చుట్టూ కోస్తే ప్రతిసారీ సరిగ్గా సరిపోతుంది. అట్టముక్కను పెనం కంటే రెండు మిల్లీమీటర్లు చిన్నగా కత్తిరించండి, నొక్కినప్పుడు పిండి ఆ మేరకు పరుచుకుంటుంది. గోరోని క్రుమ్‌కాకె కంటే తక్కువ వేడి మీద ఎక్కువ సేపు, ఒక్కో వైపు దాదాపు రెండు నిమిషాలు కాలుస్తారు. వెన్న ఎక్కువ కాబట్టి పొయ్యి మీద కాల్చేటప్పుడు కింద అల్యూమినియం ఫాయిల్ పరవడం మంచిది. తీయగానే అంచులు కత్తిరించి, మూడు ముక్కలుగా విడదీయాలి. ఇది వేడి మీద చేయాల్సిన పనే, చల్లారాక కత్తి పెడితే గీత వెంట కాకుండా దానికి నచ్చినట్టు విరుగుతుంది. కత్తిరించిన అంచుల్ని పారేయకండి, కాఫీతో తినడానికి ముక్కల కంటే అవే ముందు అయిపోతాయి.